చందాలతో వెలసిన పురమందిరం.. చట్టసభగా మారింది

హైదరాబాద్: నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లని గుమ్మటాలతో ఠీవిగా కనిపించే పాత శాసనసభ భవనాన్ని మొదటినుంచీ చట్టసభ కోసమే నిర్మించారని భావించేవారు అనేకులు. వాస్తవానికి అది టౌన్‌హాలు. నగర పౌరులు చందాలు పోగుచేసి, సభలు, సమావేశాల నిమిత్తం కట్టించిన పురమందిరం.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 40వ జన్మదినోత్సవానికి గుర్తుగా 1905లో దీనికి శంకుస్థాపన జరిగింది. ఆయన జననం 1866 ఆగస్టు. ఇంగ్లీషు లెక్కన 1905 ఆరంభానికి 39 ఏళ్లు కూడా నిండలేదు. హిజ్రీ సంవత్సరం చాంద్రమానాన్ని అనుసరిస్తుంది కనుక నలభయ్యో పుట్టినరోజు ముందే వచ్చింది. నిర్మాణం సాగుతుండగానే 1908లో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. 1911లో నిజాం కన్నుమూశారు. ఎవరి పేరిట ప్రజలు ఈ మందిరాన్ని తలపెట్టారో ఆయన దానిని పూర్తి రూపంలో చూడనేలేదు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, 1913లో, పనులు ముగిశాయి. ఇరానీ, రాజస్థానీ శైలుల మేళవింపుగా సాగిన దీని కమానులు, గుమ్మటాలు నేటికీ చూపరులను ఆకట్టుకుంటున్నాయి.

ఎన్నికలతో కొత్త పాత్ర

హైదరాబాద్ రాష్ట్రంలో 1952లో తొలిసారి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 175 మంది సభ్యులతో శాసనసభ ఏర్పడింది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ సభకు టౌన్‌హాలే వేదికయింది. పౌరుల సొమ్ముతో లేచిన మందిరంలో పౌరులు ఎన్నుకున్న ప్రతినిధులు కొలువుదీరడం సముచితమే. అయితే నాటినుంచి సామాన్యుడు లోనికి వెళ్లాలంటే పాసు తప్పనిసరి అయింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. మరుసటి ఏడాది తెలంగాణలో జరిగిన ఎన్నికల అనంతరం సభ్యుల సంఖ్య 301కి చేరింది. ఊరి సభలకు సరిపోయిన హాలు అంతమందికి ఇరుకు కావడంలో వింత లేదు. అయినా దశాబ్దాల పాటు అక్కడే నెట్టుకొచ్చారు. చివరకు పక్కనే, పాతదాని పోలికలతోనే నిర్మించిన కొత్త భవనం 1985లో అందుబాటులోకి వచ్చింది. 2014లో తెలంగాణ ఏర్పడిన పిమ్మట ఈ ప్రాంగణమే ఆ రాష్ట్ర శాసనసభకు నెలవైంది.

2019లో ఎర్రమంజిల్‌లోని పురాతన సౌధాన్ని కూల్చి కొత్త శాసనసభ సముదాయం కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. ఆ నిర్ణయాన్ని హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో కొట్టివేసింది. ఆ ప్రతిపాదన నెరవేరి ఉంటే ఒక వారసత్వ కట్టడం నేలమట్టమయ్యేది, మరొకటి అసలు ఉపయోగాన్ని కోల్పోయేది. ఆపై 2024లో ఆలోచన మారింది. పాత టౌన్‌హాలును ఆగాఖాన్ ట్రస్టు సహకారంతో పునరుద్ధరించి, శాసన మండలి సమావేశాలకు వినియోగించాలని ప్రభుత్వం నిర్ణయించింది.