ఒకే మనిషికి రెండు రోగ నిర్ధారణలు: 1899 నుంచి 2017 వరకు

మా బాబాయి ఫైలులో మొదటి డాక్టరు 'బైపోలార్' అని రాశారు. నాలుగేళ్ల తర్వాత ఇంకో డాక్టరు దాన్ని 'స్కిజోఅఫెక్టివ్' అని మార్చారు. మొదటాయన పొరబడ్డారని ఇంట్లో అందరం అనుకున్నాం. పిన్ని అయితే మాత్రలే ఆపేద్దామంది. జీఎస్-2 కోసం మానసిక ఆరోగ్య చట్టం చదువుతూ, ఈ రెండు మాటల చరిత్ర వెతికాను.

1899లో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేప్లిన్ తీవ్ర మానసిక వ్యాధులను రెండుగా విడదీశాడు. వచ్చి తగ్గుతూ, మధ్యలో మనిషిని మామూలుగా ఉంచేది 'మానిక్ డిప్రెసివ్'. క్రమంగా క్షీణింపజేసేది 'డిమెన్షియా ప్రీకాక్స్'. దీనికే 1908లో బ్లాయిలర్ 'స్కిజోఫ్రీనియా' అని పేరు పెట్టాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. క్రేప్లిన్ ఒక్క రోజు లక్షణాలు చూసి విడదీయలేదు, ఏళ్ల తరబడి జబ్బు నడిచిన తీరు చూశాడు. అయినా కొందరు రోగులు ఏ గదిలోనూ ఇమడలేదు. అలాంటివారి గురించి రాస్తూ 1933లో అమెరికాలో జాకబ్ కసానిన్ 'స్కిజోఅఫెక్టివ్' అన్న మాట తెచ్చాడు.

మరి నేటి తేడా ఏమిటి? బైపోలార్‌లో లేనిపోని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం ఉండొచ్చు. కానీ అవి ఉద్రేకమో దిగులో తీవ్రంగా ఉన్నప్పుడే వస్తాయి. స్కిజోఅఫెక్టివ్‌లో ఉద్రేకం, దిగులు లేని సమయంలో కూడా కనీసం 2 వారాలు అవి కొనసాగుతాయి.

బాబాయి ఒకసారి నిద్ర, తిండి, మాట అన్నీ సవ్యంగా ఉండి కూడా, పక్కింటివాళ్లు తన మాటలు రికార్డు చేస్తున్నారని నెల రోజులు నమ్మారు. పిన్ని ఈ సంగతి చెప్పాకే రెండో డాక్టరు పేరు మార్చారు. మొదటాయన చూసినప్పటికి అది ఇంకా జరగలేదు. అంటే ఆయన తప్పు రాయలేదు, అప్పటికి కనిపించింది రాశారు. ఇది అర్థమయ్యాక పిన్ని మాత్రలు ఆపే మాట ఎత్తలేదు.

ఇక చట్టానికి వద్దాం. పొలం కాగితాల మీద బాబాయి సంతకం చెల్లదని ఒకరిద్దరు బంధువులు అన్నారు. 1912 నాటి చట్టం పేరులోనే 'లూనసీ' ఉంది. 1987 చట్టం ఆ మాట తీసేసింది. 2017 చట్టం సెక్షన్ 3 ఇంకా ముందుకెళ్లింది: మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదు, ఆ మాట చెప్పాల్సింది కోర్టు. ఆ సెక్షన్ చదివి వినిపించాను. మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

రేపు మీరు అధికారి అయ్యాక, ఒకే మనిషి పేరున రెండు వేర్వేరు సర్టిఫికెట్లు మీ టేబుల్ మీదికి రావచ్చు. దొంగ కాగితాలని తోసేయకండి, ముందు తేదీలు చూడండి.