ఆంగ్లభూతకథలకుఁ బ్రథమసంపుటము

ఆంగ్లభూతకథలను జదువఁగోరువారికిఁ బ్రథమగ్రాహ్యమైన సంపుటము ఎం. ఆర్. జేమ్సు రచించిన ‘ఒక పురాతత్త్వజ్ఞుని భూతకథలు’. ఇది 1904లో వెలువడెను. జేమ్సు కేంబ్రిడ్జి విద్వాంసుఁడు; వ్రాఁతప్రతులకు సూచికలు గూర్చిన పరిశోధకుఁడు. ఈ కథలలోఁ బెక్కింటిని క్రిస్మసు దినములందు మిత్రులకుఁ జదివి వినిపించెను.

చిత్రములు వ్రాయఁబూనిన మిత్రుఁడు జేమ్సు మెక్‌బ్రైడు నాలుగింటిని మాత్రమే ముగించి, 1904 జూనులో మరణించెను. వేఱొక చిత్రకారుని నియమించుటకు గ్రంథకర్త యొప్పుకొనలేదు. ఆ నాలుగు చిత్రములతోనే యెనిమిది కథల సంపుటము స్నేహస్మారకముగాఁ బ్రకటితమయ్యెను.

ఇందు భయమునకు మూలము వింతలోకము గాదు. పాతప్రతుల పుటలు కత్తిరించి కూర్చిన పుస్తకము, ముద్రితమైన యొక చిత్రపటము, శిథిలములలో దొరకిన కంచు ఈల—ఇట్టివే. పరిశోధకుని కుతూహలమే యాపదను బిలుచును. వ్రాఁతప్రతులతోఁ బనిగల పండితులకు ఇంతకంటె సమీపమైన భయము లేదు. ఈ సంపుటము మొదట గ్రాహ్యమగుటకుఁ గారణ మిదియే.