రాజీ కుదరని నాడు

మన తుళ్లూరు పల్లెల్లో "ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడు" అన్న మాట వినని వారుండరు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆ ఇంటివైపు చూసే చూపే మారిపోతుంది. ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటీషన్, అంటే దివాలా అర్జీ. అక్కడిదాకా పోకముందు ప్రతి రైతూ చేసే ప్రయత్నం ఒకటున్నది. పెద్దమనుషులను కూర్చోబెట్టి "రూపాయికి ఇన్ని పైసలిస్తాను, వాయిదా ఇవ్వండి" అని అడగడం. అప్పులవాళ్లు "కుదరదు" అంటే ఏమిటి గతి? ఈ ప్రశ్నకు మన చరిత్రలో జవాబులున్నాయి. వాటిని సంఘ సభ్యుల ముందుంచడమే మా ఉద్దేశం.

"అప్పు చేసి పప్పుకూడు" అని సామెత. కాని పత్తి, మిరప వేసే రైతు అప్పు పప్పుకూటికి కాదు. విత్తనానికి, ఎరువుకు, పురుగుమందుకు, కౌలుకు. పురుగుమందుల కొట్లో ఖాతా, కమీషన్ దుకాణంలో అడ్వాన్సు, చేబదులుకు ప్రామిసరీ నోటు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు. ఒక్క పంట పోతే చాలు, మూడుచోట్లా ఒకేసారి గడువు దాటుతుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను తెల్లదోమ పట్టినప్పుడు అప్పుల బాధకు తాళలేక రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. అందుచేత ఇది పరువు సంగతి మాత్రమే కాదు, ప్రాణాల సంగతి.

గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1930 తర్వాత పంటల ధరలు పడిపోయి రైతులు మునిగిపోయారు. సత్యనాథన్ అనే అధికారి 1935లో ఇచ్చిన నివేదికలో రాజధాని మొత్తం మీద రైతుల ఋణం 200 కోట్ల రూపాయలని అంచనా కట్టారు. 1936లో ఋణ రాజీ బోర్డుల చట్టం వచ్చింది. బోర్డు ఇరుపక్షాలనూ పిలిపించి సర్దుబాటు చేయాలి. రైతు చెప్పిన బేరం న్యాయమైనదై ఉండి, అప్పిచ్చినవాడు మొండికేస్తే, "ఇతని బేరం సమంజసమైనదే" అని బోర్డు రైతుకు ధృవపత్రం ఇవ్వవచ్చు. అయినా రాజీ అనేది ఒప్పుకొన్నవారితోనే గదా! ఆ లోటు కనిపెట్టి 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. దీనికి అప్పులవాళ్ల అంగీకారంతో పని లేదు. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులమీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ రద్దు. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టజెప్పి ఉంటే బాకీ మొత్తం చెల్లు. బతిమాలితే వినని చోట చట్టమే వినిపించిందన్నమాట.

ఇక దివాలా చట్టం 1920 నాటిది. దాని ప్రకారం దివాలా తీసినట్లు ఉత్తర్వైన తర్వాత కూడా రాజీ ప్రతిపాదన పెట్టుకోవచ్చు. హాజరైన ఋణదాతల్లో తలల లెక్కన ఎక్కువమంది, బాకీ లెక్కన నాలుగింట మూడువంతులవారు ఒప్పుకోవాలి. రైతు నడవడిలో తప్పు తేలితే, రూపాయికి ఆరణాలకు తగ్గకుండా హామీ చూపితేగాని కోర్టు ఆమోదించదు. ఋణదాతలు కాదన్నా దారి మూసుకుపోదు. ఆస్తి కోర్టు చేతికి వెళ్లి అందరికీ దామాషాగా పంచబడుతుంది, తర్వాత విడుదలకు అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఒక హెచ్చరిక. ఐ.పి.కి ముందు రెండేళ్లలోపు బావమరిది పేర, తమ్ముడి పేర ఊరికే రాసిన దస్తావేజులను కోర్టు కొట్టివేయగలదు. 2016 నాటి కొత్త దివాలా చట్టంలోనూ నాలుగింట మూడువంతుల లెక్కే ఉన్నది. అయితే వ్యక్తుల విషయంలో అది 2019 డిసెంబరులో కంపెనీల బాకీలకు పూచీపడినవారికి మాత్రమే అమలులోకి వచ్చింది.

మన దీన్ చరిత్రలో కూడా ఇటువంటి సంఘటన ఉన్నది. ఉహద్ యుద్ధంలో తండ్రి షహీదైన హజ్రత్ జాబిర్ (రజి)కు తండ్రి చేసిన అప్పులు మిగిలాయి. తోటలోని ఖర్జూరాలు తీసుకొని మిగతాది వదిలేయమని ప్రవక్త (స) స్వయంగా సిఫారసు చేశారు. అప్పులవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన వారిపై కోపించలేదు, తోటనూ వారికి అప్పగించలేదు. మర్నాడు తోటకు వచ్చి చెట్ల మధ్య తిరిగి బర్కత్ కోసం దుఆ చేశారు. కాయ కోసి కొలిస్తే అప్పంతా తీరి ఇంకా మిగిలింది. కొన్న కాయల బేరంలో నష్టపోయిన మరొకరికి ముందు సదఖా పోగుచేయించారు. అదీ చాలకపోతే, దొరికినంత తీసుకొని సరిపెట్టుకోమని ఋణదాతలకు చెప్పారు. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వాలని సూరా బఖరా, జకాత్ పుచ్చుకోదగినవారిలో అప్పులపాలైనవారు ఉన్నారని సూరా తౌబా చెబుతున్నాయి.

వీటన్నిటినుండి మనం నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రాజీ కాదన్నారని చెప్పి వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయకూడదు. ఇచ్చిన ప్రతి పైసాకు నోటు వెనుక చెల్లు రాయించుకోవాలి. చెల్లు రాసి సంతకం చేస్తే మూడేళ్ల గడువు మళ్లీ మొదలవుతుందనీ గుర్తుంచుకోవాలి. ఒకరికి మొత్తం తీర్చి ఇంకొకరికి చెయ్యూపకూడదు. డిక్రీ వచ్చినా సేద్యపు పనిముట్లు, దున్నే ఎడ్లు, రైతు కాపురముండే ఇల్లు సాధారణంగా జప్తు కావు. తనఖా పెట్టినవాటి సంగతి వేరు. డబ్బు డిక్రీ కింద ఆడవారిని అరెస్టు చేయరాదు. చేతకానితనం నేరం కాదని, కేవలం లేమి వల్ల బాకీ తీర్చలేనివాణ్ణి జైలుకు పంపరాదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక సంఘంగా మన వంతు. అప్పులవాడి గుమ్మం ముందు రైతు ఒంటరిగా నిలబడితే మాటకు బలముండదు. నలుగురు పెద్దలు లెక్కల కాగితంతో వెంట వెళితే ఆ "కుదరదు" కాస్తా "చూద్దాం" అవుతుంది. జకాత్‌లో అప్పులపాలైనవారి భాగాన్ని మనం మరిచిపోరాదు. అన్నిటికన్నా ముందు, ఐ.పి. పెట్టినవాడి ఇంటికి సలాం చెప్పడం మానకూడదు. అప్పు ఎప్పటికైనా తీరుతుంది. పోయిన మనిషి తిరిగిరాడు.