స్వరానికీ స్వరానికీ నడుమ: థెరెమిన్ నుంచి కంప్యూటరు దాకా

మీటకుండా, ఊదకుండా, కమాను ఆనించకుండా పలికే వాద్యం ఒకటుంది. దాని పేరు థెరెమిన్. చూడటానికి ఒక చెక్కపెట్టె. దానికి నిలువుగా ఒక లోహపు కడ్డీ, పక్కగా ఒక లోహపు చుట్టు. వాయించేవారు ఈ రెండింటి దగ్గర గాలిలో చేతులు కదుపుతారు, అంతే. కుడిచెయ్యి కడ్డీకి దగ్గరయ్యే కొద్దీ స్వరం పైకి పోతుంది. ఎడమచెయ్యి చుట్టుకు దగ్గరయ్యే కొద్దీ ధ్వని సన్నగిల్లుతుంది. వినేవారికి అది కాసేపు వయొలిన్‌లా, కాసేపు ఎవరో స్త్రీ నోరు తెరవకుండా పాడుతున్నట్టుగా తోస్తుంది.

ఈ వాద్యపు నాదాన్ని కంప్యూటరులో తిరిగి పుట్టించాలని ఎందరో ప్రయత్నించారు. నాదం తేలిగ్గానే వచ్చింది, చెయ్యి మాత్రం అంత తేలిగ్గా రాలేదు. ఎందుకో తెలుసుకుంటే అది మన కర్ణాటక సంగీతానికీ, విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లల సంగీత శిక్షణకూ సంబంధించిన సంగతేనని బోధపడుతుంది.

పెట్రోగ్రాడ్ ప్రయోగశాల

థెరెమిన్‌ను కనిపెట్టినవారు రష్యన్ భౌతిక శాస్త్రవేత్త లెవ్ తెర్మెన్ (1896-1993). పడమటి దేశాలవారు ఆయన్ని లియోన్ థెరెమిన్ అన్నారు. 1920 ప్రాంతంలో పెట్రోగ్రాడ్‌లోని ప్రయోగశాలలో వాయువుల గుణాలు కొలిచే పరికరం తయారు చేస్తూండగా, తన చెయ్యి కదిలినప్పుడల్లా అందులోంచి వచ్చే కూత మారడం ఆయన గమనించారు. చిన్నప్పుడు చెల్లో నేర్చుకున్న మనిషి కనుక దాన్ని లోపంగా చూడలేదు, వాద్యంగా మలిచారు. 1922లో లెనిన్ ఎదుట వాయించి చూపించారు. 1928లో అమెరికాలో పేటెంటు పొందారు. ఆ తరువాత ఆర్‌సీఏ కంపెనీ తయారు చేసిన థెరెమిన్లు సుమారు 500 మాత్రమే.

పనిచేసే తీరు సులువే. పెట్టెలో మనిషి చెవికి అందనంత వేగంగా కంపించే రెండు రేడియో సర్క్యూట్లు ఉంటాయి. ఒకటి సెకనుకు 3,00,000 సార్లు స్థిరంగా కంపిస్తోందనుకుందాం. రెండోది కడ్డీకి కలిపి ఉంటుంది. మన చెయ్యి విద్యుదావేశాన్ని కొంత పట్టి ఉంచగలదు కనుక, అది దగ్గరైతే రెండో సర్క్యూటు కాస్త నెమ్మదిస్తుంది. అది 2,99,760కి దిగిందంటే తేడా 240. చెవికి వినిపించేది ఆ తేడాయే.

ఇక్కడ కడ్డీ మీద గుర్తులు లేవు, మెట్లు లేవు, మీటలు లేవు. షడ్జం ఎక్కడుందో చెవి చెప్పాలి, చెయ్యి వినాలి. షడ్జం నుంచి పంచమానికి వెళ్ళాలంటే నడుమ ఉన్న దారంతా చెయ్యి నడిచి తీరాలి.

గాలిలో వేళ్ళు

ఆ దారిని అందరికంటె బాగా నడిచినవారు క్లారా రాక్‌మోర్ (1911-1998). విల్నియస్‌లో పుట్టి, పసితనంలోనే వయొలిన్ విద్వాంసురాలిగా పేరు తెచ్చుకుని, చేతి ఎముకల బలహీనతవల్ల కమాను వదిలిపెట్టవలసి వచ్చిన ఆమెకు థెరెమిన్ రెండో జన్మనిచ్చింది. గాలిలోనే వేళ్ళను ముడుస్తూ విప్పుతూ ఒక్కొక్క స్వరస్థానాన్ని అందుకునే పద్ధతిని ఆమె రూపొందించుకున్నారు. 1977లో వెలువడిన ఆమె రికార్డు వింటే ఇది యంత్రమని నమ్మబుద్ధి కాదు.

సినిమావాళ్ళు మాత్రం ఈ నాదాన్ని భయానికీ వింతకూ వాడుకున్నారు. 1945లో వచ్చిన హిచ్‌కాక్ చిత్రం 'స్పెల్‌బౌండ్', 1951 నాటి 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' ఇందుకు ఉదాహరణలు. మన దేశంలోనూ ఎలక్ట్రానిక్ వాద్యం ఒకటి మారువేషంలో ఊరూరా తిరిగింది. 1954 నాటి 'నాగిన్' చిత్రంలో జనం ఊగిపోయిన నాగసరం నిజానికి నాగసరం కాదు. హేమంత్ కుమార్ సంగీత దర్శకత్వంలో కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యం మీద వాయించింది అది.

కంప్యూటరుకు నేర్పడం

థెరెమిన్లు తయారు చేస్తూనే రాబర్ట్ మూగ్ అనే అమెరికన్ యువకుడు ఎలక్ట్రానిక్ సంగీతంలోకి వచ్చారు. 1954లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, థెరెమిన్ తయారీ గురించి ఒక పత్రికలో రాశారు. 1964లో ఆయన రూపొందించిన సింథసైజరు లోకప్రసిద్ధం. 1969లో డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరును అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో నెలకొల్పారు. గీతా సారాభాయి మొదలైనవారు 1972 వరకూ అక్కడ చేసిన ప్రయోగాల టేపులు 2023లో ఆల్బంగా విడుదలయ్యాయి.

కంప్యూటరు దారి వేరు. 1957లో బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ రాసిన 'మ్యూజిక్' అనే ప్రోగ్రాము ఐబీఎం 704 యంత్రం చేత స్వరాలు పలికించింది. ఆ వంశంలోనే 1980లలో సీసౌండ్, 1996లో ప్యూర్ డేటా, సూపర్ కొలైడర్ వచ్చాయి. ఇవాళ ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. 2016 మార్చి 9న క్లారా రాక్‌మోర్ 105వ జయంతికి గూగుల్ తన ముఖపుటలో థెరెమిన్ బొమ్మ పెట్టి, మౌసుతో అందరిచేతా వాయింపజేసింది.

కంప్యూటరులో థెరెమిన్‌ను కట్టాలంటే ముందు సైన్ తరంగం కావాలి. సెకనుకు 44,100 సార్లు దాని విలువను లెక్కగట్టి స్పీకరుకు పంపుతాం. థెరెమిన్ నాదం శుద్ధమైన సైన్ తరంగం కాదు కనుక కొద్దిగా హార్మోనిక్స్ కలపాలి. ఇంతవరకూ గంట పని. చిక్కులు ఆ తరువాత మొదలవుతాయి.

మొదటిది జారుడు. మధ్య షడ్జం 240 అయితే తారషడ్జం 480. ఈ రెంటికీ నడిమధ్య ఎక్కడ? అంకెల లెక్కన 360. కాని అది పంచమం! చెవికి సరిగ్గా నడిమధ్య సుమారు 339, అంటే ప్రతి మధ్యమం దగ్గర. చెవి తేడాలను కాదు, నిష్పత్తులను వింటుంది. అందుకని స్వరాన్ని నిష్పత్తుల లెక్కన జరపాలి. అలా చేయకపోతే జారుడు కింద పరుగెత్తి పైన ఈడుస్తుంది.

రెండోది అతుకు. స్వరం మారినప్పుడు తరంగాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటే 'టక్' మని చప్పుడొస్తుంది. ఎక్కడ ఆగిందో అక్కడినుంచే కొనసాగించాలి. మౌసు కదలిక మెట్లు మెట్లుగా అందుతుంది కాబట్టి ఆ మెట్లను నునుపు చేసే లెక్క కూడా కావాలి. మరీ నునుపు చేస్తే చెయ్యి వెనకబడుతుంది, తక్కువైతే గరగరలాడుతుంది.

మూడోది కంపనం. విద్వాంసుల చెయ్యి సెకనుకు సుమారు ఆరుసార్లు ఊగుతుంది కదా అని కంప్యూటరు చేత కచ్చితంగా ఆరుసార్లు ఊగిస్తే, వినపడేది సైకిలు గంటకు చెల్లెలు. మనిషి స్వరాన్ని ముందు నిలిపి, తరువాత మెల్లగా ఊపు అందుకుంటాడు. పైకి పోతే ఒక తీరు, దిగితే ఒక తీరు. ఇది ఒక్క సూత్రానికి లొంగదు. చివరికి చాలామంది చేసిన పని ఏమిటంటే, ఊపును కంప్యూటరుకు వదిలెయ్యకుండా కెమెరాతోనో, 2013లో వచ్చిన లీప్ మోషన్ వంటి పరికరంతోనో మళ్ళీ మనిషి చేతినే లోపలికి తీసుకురావడం!

1904 నాటి తెలుగు పుస్తకం

ఈ చిక్కు మనకు కొత్త కాదు. తెర్మెన్ పరికరానికి పదహారేళ్ళ ముందు, 1904లో, ఎట్టయపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చయింది. రాసినవారు సుబ్బరామ దీక్షితులు (1839-1906). పుస్తకం తెలుగు భాషలో, తెలుగు లిపిలో ఉంది. ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరపరిచి ఇవ్వడమే కాక, ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఎలా వెళ్ళాలో గుర్తులతో చూపించారాయన. కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత, ఇలా ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క సంకేతం. స్వరాల నడుమనున్న దారిని కాగితం మీదకెక్కించే ప్రయత్నమది. ఈ కాలంలో చెన్నైకి చెందిన ఎం. సుబ్రమణియన్ 'గాయక' అనే సాఫ్టువేరుతో, రాసిచ్చిన స్వరాలను గమకాలతో సహా కంప్యూటరు చేత పలికించే పని చేశారు. శతాబ్దం తేడాలో రెండూ ఒకే పని.

మన కంపితం పాశ్చాత్యుల కంపనం కాదని కూడా గుర్తుంచుకోవాలి. తోడిలో గాంధారం రిషభం వైపునుంచి మధ్యమం వైపుదాకా ఊగుతుంది. ఆ ఊపే తోడి. ఊపు తీసేస్తే స్వరస్థానం మిగులుతుంది, రాగం మిగలదు.

మెట్ల తగాదా

మీటల వాద్యాలతో మనకున్న తగాదా ఇదే. గమకం పలకదన్న కారణంతో ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించింది. 1971లో గాని సడలించలేదు. అదే హార్మోనియం మన పద్యనాటకానికి ప్రాణం. అక్కడ అది శ్రుతి నిలబెట్టింది, గమకాన్ని నటుడి గొంతు మోసింది. అంటే తప్పు వాద్యానిది కాదు, దానికి ఏ పని అప్పజెప్పామన్నదే ప్రశ్న.

అరబ్బులకూ ఇదే తగాదా వచ్చింది. 1932లో కైరోలో జరిగిన అరబ్ సంగీత మహాసభలో పియానోను అరబ్ సంగీతంలోకి రానివ్వవచ్చా అని పెద్ద చర్చే జరిగింది. వారి మఖామ్‌లలో అరస్వరం కంటె చిన్న అంతరాలున్నాయి. పియానో మీటల్లో అవి లేవు. వారి ఊద్‌కు మన వయొలిన్‌లాగే మెట్లు లేవు. ఈ వ్యాసం రాస్తున్న బురైదా నగరం సౌదీ అరేబియాలో ఖసీం ప్రాంతానికి కేంద్రం, ఖర్జూరాలకు ప్రసిద్ధి. ఇక్కడి ఎడారివాసుల రబాబా ఒంటితీగ వాద్యం, దానికీ మెట్లు లేవు.

ఇలాంటి ఊళ్ళో వీణ పెట్టుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. వీణ మెట్లు మైనంలో కూర్చినవి. వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరే చోట, తలుపులు మూసిన కారులో అరగంట ఉంచితే మైనం మెత్తబడుతుంది. సరిచేసేవారు ఊళ్ళో ఉండరు. గురువు సముద్రాల అవతల. కనుక గల్ఫులోనైనా, అమెరికాలోనైనా చాలా తెలుగు ఇళ్ళలో పిల్లలకు మొదట దొరికేది కీబోర్డూ, కంప్యూటరూ.

మన పిల్లల కీబోర్డు

దీనికి దిగులుపడనక్కరలేదు. పాలకొల్లు కుర్రవాడు ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) ఏం చేశారో చూడండి. మాండలిన్ మెట్ల వాద్యం, జంట తీగలు, నాదం నిలవదు. ఆయన విద్యుత్ మాండలిన్ పట్టి, జంట తీగలు తీసి అయిదు ఒంటి తీగలు కట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే, విన్నదాన్ని తీగమీద లాగి పలికించారు. గమకం ముందు గొంతులోంచి చెవికి వచ్చింది. చెవినుంచి చేతికి వెళ్ళింది. వాద్యం ఆఖరున లొంగింది.

కీబోర్డుకూ ఆ వీలు కొంత ఉంది. 1983 నాటి మిడి పద్ధతిలో స్వరాన్ని వంచే చక్రానికి 16,384 మెట్లున్నాయి. మామూలుగా అది రెండు అరస్వరాలు పైకి, రెండు కిందికి మాత్రమే వంగుతుంది. ఆ హద్దును పన్నెండుకు పెంచితే షడ్జం నుంచి పంచమానికి జారు వేయవచ్చు. 2018లో ఆమోదం పొందిన ఎంపీఈ పద్ధతితో ఒక్కొక్క వేలికీ వేరువేరుగా స్వరం వంచే వీలు కలిగింది.

అయితే యంత్రం వీలు కల్పిస్తుందేగాని రాగం చెప్పదు. అందుకు పిల్లలకు ఒక చిన్న అభ్యాసం సూచిస్తాను. కంప్యూటరులో థెరెమిన్ తెరిచి, పక్కన తంబుర శ్రుతి పెట్టి, తెరమీద గుర్తులేవీ లేకుండా షడ్జం పట్టమనండి. తరువాత పంచమం. మీటల మీద ఎవరు నొక్కినా పలికే స్వరం ఇక్కడ వెతికితేగాని దొరకదు. పదిరోజులు వెతికిన పిల్ల ముందు పాడుతుంది, పాడినదాన్నే చేత్తో అందుకుంటుంది.

తెర్మెన్ పెట్టెకు మెట్లు లేవు. సుబ్బరామ దీక్షితుల అలలగీతకు అంకెలు లేవు. రెండూ నమ్ముకున్నది ఒక్కదాన్నే, విన్న చెవిని. మన పిల్లలకు వాద్యం ఏది కొనిపెట్టాలన్నది తరువాతి మాట. రోజుకు ఒక కృతి శ్రద్ధగా వినిపించడం ముందు మాట.