కొయ్య చుంగాణి: కాలమూ, విలువా

పుదుచ్చేరిలోని కదిర్కామంలో ఒక పాత ఇల్లు పడగొడుతున్నారనుకోండి. అటక మీది పెట్టెలో ఒక కొయ్య పైపు దొరికింది. పాత తెలుగులో దీన్నే చుంగాణి అనేవారు. ఇంటివారు అది డూప్లే దొర కాలం నాటిదంటారు. పాత సామాన్ల వ్యాపారి రెండు వందలిస్తానంటాడు. ఎవరి మాట నమ్మాలి? ఇద్దరినీ పక్కన పెట్టి చుంగాణినే అడుగుదాం.

డూప్లే పుదుచ్చేరి గవర్నరుగా ఉన్నది 1742 నుండి 1754 వరకు. ఆ రోజుల్లో ఐరోపావారు ఎక్కువగా వాడినవి కాల్చిన తెల్లమట్టి గొట్టాలు. అవి చౌక, విరిగితే పారేసేవారు. అందుకే తవ్వకాల్లో ముక్కలు దొరుకుతుంటాయి. కాలం గడిచేకొద్దీ ఆ గొట్టాల రంధ్రం సన్నబడుతూ వచ్చిందని గమనించిన అమెరికా పరిశోధకుడు హారింగ్టన్, 1954లో దాన్నే కాలనిర్ణయానికి కొలతగా చూపాడు. ఇక బ్రయర్ కొయ్య చుంగాణుల తయారీ ఫ్రాన్సులో, జూరా కొండల్లోని సేన్ క్లోద్ పట్టణంలో 1850ల ప్రాంతంలో ఊపందుకుంది. కనుక మన చేతిలోది బ్రయర్ అయితే అది డూప్లే నాటిది కానే కాదు. అయితే ఫ్రెంచి పాలన 1954 నవంబరు 1 దాకా సాగింది గదా! ఆ నూరేళ్ళలో ఎప్పుడైనా వచ్చి ఉండవచ్చు.

బ్రయర్ అంటే మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద. వేరూ కాండమూ కలిసే చోట దానికి గట్టి బొడిపె కడుతుంది. దాన్ని కోసి, గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెడతారు. మామూలు కొయ్య మాడిపోయే వేడికి ఇది తట్టుకుంటుంది.

ఇప్పుడు వెలుతురులో తిప్పి చూడండి. చారలు అడుగు నుండి అంచు దాకా నిలువుగా, దగ్గర దగ్గరగా సాగితే మేలు రకం. బొడిపెలో సహజంగా గుంటలుంటాయి. వాటిని లప్పంతో పూడ్చి ముదురు రంగు వేస్తారు. నిగనిగ చూసి మురిసిపోకండి, అది తరచు దాపరికమే. సన్నని ఈనె ఒకటి గొట్టంలో దూర్చండి. అది గిన్నె అడుగునే బయటపడాలి. పైన ఎక్కడో తేలితే కింది పొగాకు సరిగా కాలదు. నోట పెట్టుకునే నల్ల రబ్బరు కొస ఆకుపచ్చగా మారడం పెద్ద లోపం కాదు. గిన్నె గోడ పగిలినా, లోపల కాలి గుంటపడినా విలువ బాగా పడిపోతుంది.

గొట్టం మీద వెండి కట్టు ఉంటే భూతద్దం తీసుకోండి. 1838 తర్వాత ఫ్రాన్సులో చిన్న వెండి వస్తువులకు పారిస్‌లో అడవిపంది తల, ఇతర ప్రాంతాల్లో పీత ముద్ర వేసేవారు. వెయ్యి పాళ్ళలో కనీసం 800 వెండి ఉందని దాని అర్థం. పారిస్‌లో అడవిపంది ముద్ర 1962లో ఆగిపోయింది. కనుక ఆ ముద్ర కనిపిస్తే కట్టు అంతకు ముందుదే. విభూతి పెట్టి తోమే ఉత్సాహం మాత్రం వద్దు; ముద్ర అరిగితే సాక్ష్యం పోయినట్టే. కొయ్య మీది తయారీదారు పేరూ అంతే.

చివరగా ఆ పెట్టెను మళ్ళీ వెతకండి. ఫ్రెంచి సైన్యంలో, ఇండోచైనాలో పనిచేసి వచ్చి పింఛను అందుకున్న కుటుంబాలు పుదుచ్చేరిలో ఎన్నో ఉన్నాయి. తాతగారు చుంగాణి పట్టుకున్న ఫోటో గాని, ఆయన పింఛను కాగితం గాని దొరికిందా? దొరికితే వ్యాపారిని మరో రోజు రమ్మనండి.