పేరిన కొబ్బరినూనె, పేరని జీడి

పుష్యమాసపు తెల్లవారుజామున ఉద్దానంలో గూట్లోని కొబ్బరినూనె సీసా చూడండి. తెల్లగా పేరుకుపోయి ఉంటుంది. పొయ్యి పక్కన పెడితేగానీ బొట్టు రాలదు. పలాసలో పిక్కల తొక్క నుంచి తీసే జీడినూనె మాత్రం అదే చలికి చిక్కబడుతుందేగానీ గడ్డకట్టదు. రెండూ ఒకే ఇసుకనేల పంటలు.

కరిగే వేడిని బట్టి కొవ్వు జాతకం చెప్పే పద్ధతిని నిలబెట్టినవాడు ఫ్రాన్సు రసాయనవేత్త షెవ్రోల్. కొవ్వుల మీద ఆయన గ్రంథం 1823లో అచ్చయింది. ఆ పరీక్షకు కావలసింది ఒక థర్మామీటరు, బోలెడంత ఓపిక. ఓపికకేం, 102 ఏళ్లు బతికాడు.

కొబ్బరి ఈనెలు కట్టగడితే సందు లేకుండా బిగుస్తాయి. జీడికొమ్మలు మోపు కట్టి చూడండి, ఎంత లాగి కట్టినా లోపల ఖాళీలే. కొవ్వు అణువుల సంగతీ అంతే. 18 కార్బన్ల తిన్నని గొలుసున్న స్టియరిక్ ఆమ్లం 69 డిగ్రీల దాకా కరగదు. అంతే పొడవుండి, నడుమ ఒక్క ద్విబంధం దగ్గర వంగిన ఒలియిక్ ఆమ్లానికి 13 డిగ్రీలు చాలు. కొబ్బరినూనెలోని గొలుసులు చాలామటుకు తిన్ననివే, కాకపోతే పొట్టివి. అందుకే 24 డిగ్రీల దగ్గర అటో ఇటో అవుతుంది.

ఇక జీడి. దాని తొక్కలోంచి అనకార్డిక్ ఆమ్లాన్ని 1847లో వేరుచేసినవాడు జర్మన్ రసాయనవేత్త స్టెడెలర్. ఫినాల్ వలయానికి 15 కార్బన్ల తోక, చాలా అణువుల్లో ఆ తోకకు ఒకటి నుంచి మూడు ద్విబంధాలు. అచ్చం వంకరకొమ్మల మోపే! బట్టీ వేడి తగిలితే ఆ ఆమ్లం కార్బన్ డయాక్సైడును వదిలేసి కార్డనాల్‌గా మారుతుంది. కాబట్టి పచ్చి తొక్క నూనె, కాల్చిన తొక్క నూనె రెండు వేర్వేరు సరుకులు. మోటారు బండ్ల బ్రేకు లైనింగుల్లోకి వెళ్లేది ఈ కార్డనాలే. పిక్కలు కొట్టే ఆడవాళ్లకు ఈ పేర్లతో పనిలేదు. జీడి అంటితే చర్మం పొక్కుతుందని, ముందే చేతులకు బూడిదో నూనో పట్టించాలని వాళ్లకు తెలుసు.

తిన్నని గొలుసులు ఎలా పేర్చుకుంటాయో కళ్లకు కట్టిన పని మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే జరిగింది. కణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే, కొవ్వు ఆమ్లపు గొలుసే తోకగా ఉన్న ఎన్-అసైల్ ఇథనోలమైన్లను ఆచార్య ముస్తి జె. స్వామి బృందం చేపట్టింది. 1997లో వాటిని కెలోరీమీటరులో కరిగించారు. ఒక గిన్నెలో సరుకు, పక్కన ఖాళీ గిన్నె. రెంటినీ ఒకే తీరుగా వేడిచేస్తూ, సరుకు అదనంగా ఎంత వేడి తాగిందో లెక్కగట్టడమే దాని పని. గొలుసు పొడవు పెరిగినకొద్దీ ఆ వేడీ క్రమంగా పెరిగింది. నీళ్లు కలిపితే అదే అణువు తక్కువ వేడికే కరిగింది. 1999లో 14 కార్బన్ల గొలుసున్న అణువు స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పంపారు. అణువులు తోకకు తోక ఎదురుగా, కాస్త వాలుగా, పొరలు పొరలుగా కనిపించాయి.

ఈ చలికాలం సీసా పేరుకుంటే వేడినీళ్లలో ముంచేముందు నూనెలో ఒక థర్మామీటరు కూడా పెట్టండి. నూనె తేటపడే వేళకు పాదరసం 24 దగ్గర ఉంటుంది.