లెక్కలో ఉన్నాం, పేర్లలో లేం

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. మా నాయన పాలేరు. మా అమ్మ ఊడ్పులకీ కలుపులకీ పోయేది. ఇప్పుడు నేను దివిసీమలో ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. పిల్లలకు చరిత్ర చెప్పి జీతం తీసుకుంటున్నాను. అయితే చరిత్ర అంటే ఏమిటో నాకు నేర్పింది బీఎడ్ కాలేజీ కాదు. గుడివాడ హాస్టల్లో నా పక్కన చాపేసుకుని పడుకున్న స్నేహితుడు. వాడు 2009లో చనిపోయాడు. అప్పటికి వాడికి ఇరవయ్యేళ్ళు.

వాడి పేరు ఈ వ్యాసంలో ఉండదు. ఎందుకుండదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వాళ్ళమ్మ పుట్టింది దివిసీమలో, నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. మనిషికి మూడింతల ఎత్తున సముద్రం మీద పడింది. వాళ్ళ నాయన ఆమెను తన పంచెతో తుమ్మచెట్టు కొమ్మకు కట్టేశాడు. తెల్లారి చూస్తే ఆ ఇంట్లో మిగిలింది ఆ ఇద్దరే. తల్లి, అక్క, ఇద్దరు తమ్ముళ్ళు లేరు. తిండీ గుడ్డా లేక గుడివాడ వైపు చుట్టాలుండే మా పల్లెకు నడిచొచ్చారు. అట్లా ఆమె నాకు పెద్దమ్మయింది. ఆమె కొడుకు నాకు జతగాడయ్యాడు.

తొమ్మిదో తరగతిలో ఒక నవంబరు నెల మా మాస్టారు ఉప్పెన గురించి చెప్పారు. సర్కారు లెక్కలో సుమారు పదివేలమంది పోయారనీ, అసలు లెక్క ఇంకా ఎక్కువేననీ అన్నారు. అంతకుముందు 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చిందనీ, అప్పుడు ముప్పైవేలమంది దాకా పోయారనీ చెప్పారు. మేం అంకెలు రాసుకున్నాం. వాడు మాత్రం లేచి నిలబడి, "సార్, ఆళ్ళ పేర్లు ఎక్కడుంటయ్?" అన్నాడు.

"పేర్లెందుకురా, పరీక్షలో అంకె అడుగుతారు," అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ శనివారం వాడు ఇంటికెళ్ళి, లాంగ్ నోటుబుక్కులో వాళ్ళమ్మ చెప్పిన నాలుగు పేర్లు రాసుకొచ్చాడు. అక్కడ మొదలైంది.

2004లో పదో తరగతి పరీక్షలయ్యాక ఇద్దరం గుడివాడలో పాసింజరెక్కి బందరు పోయాం. అక్కడ డచ్చివాళ్ళ సమాధులు చూశాం. వ్యాపారానికొచ్చి పదిహేడో శతాబ్దంలో మన గడ్డమీద చచ్చిపోయిన దొరలకు పెద్దపెద్ద నల్లరాళ్ళు, వాటిమీద చెక్కిన పేర్లు. వాడు వేలితో ఆ అక్షరాలు తడుముతూ, "మూడొందల ఏళ్ళయినా ఈళ్ళ పేర్లున్నయ్. మా అమ్మమ్మ పోయి ముప్పయ్యేళ్ళు కాలేదు. ఏ రాయి మీదుందిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అక్కణ్ణుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక పోయి, వాళ్ళమ్మ పుట్టిన పల్లె చేరాం. రెండు రోజులు ముసలివాళ్ళ అరుగుల మీద కూర్చున్నాం. మనుషులవీ గొడ్లవీ శవాలు కలిసిపోయి పడుంటే, ఎవరు ఎవరో తెలీకుండానే గుట్టగా వేసి కాల్చారని ఒక ముసలాయన చెప్పాడు. ఊరు మెరక మీదుంది, పల్లె పల్లంలో ఉంది. మిద్దె ఉన్నవాడు మిద్దె ఎక్కాడు, తాటాకు గుడిసెవాడు ఏం ఎక్కాలి? ఊళ్ళోనూ పోయారు, కాదనను. ఉప్పెనకు కులం లేదు, అదీ నిజమే. కానీ ఉప్పెన ముందుగా వచ్చిపడే పల్లంలో ఎవరుండాలో తేల్చింది మాత్రం కులమే. మనవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, యానాదులు, అంతా ఆ పల్లంలోనే ఉన్నారు.

నోటుబుక్కులో ముప్పయ్యెనిమిది గీతలు నిండాయి. అన్నిటిలో పేర్లు లేవు. కొన్నిచోట్ల "ఫలానావాడి పెళ్ళాం" అని ఉంది. ఒకచోట "చంటిపిల్ల, పేరు ఇంకా పెట్టలేదు" అని ఉంది. ఒకచోట "కోతలకొచ్చిన కూలోళ్ళు నలుగురు, ఏ ఊరో తెలీదు" అని రాసి, కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాడు. ఎవరన్నా వచ్చి చెబుతారని.

క్లాసులో ఫస్టు వాడే, నేను కాదు. ఇంటర్ రెండో ఏడాదిలో వాళ్ళ నాయన మంచాన పడితే వాడు చదువు మానేశాడు. అప్పటికే మా చుట్టుపక్కల వరిచేలు తవ్వి చేపల చెరువులు చేశారు. చేలో ఊడ్పులు, కలుపు, కోత, కుప్పనూర్పిళ్ళు ఉన్నప్పుడు పల్లె పల్లెంతా బతికేది. చెరువుకు ఒకడో ఇద్దరో కాపలావాళ్ళు చాలు. ఆడకూలీలకు పనే లేదు. భూమి ముందూ మనది కాదు, ఇప్పుడు భూమి మీద పని కూడా పోయింది. వాడు చెరువు కాపలాకు కుదిరాడు. గట్టుమీద పాకలో కూర్చుని డిగ్రీ ప్రైవేటుగా కడతానన్నాడు. పుస్తకాలు నేనే ఇచ్చాను.

2009 ఆగస్టులో ఒక వానరాత్రి నీళ్ళు తోడే మోటారు ఆగిపోయింది. చూడమని రైతు ఫోను చేశాడు. తడిచేత్తో స్టార్టరు ముట్టుకున్నాడు. తెల్లారి పాలవాడు చూసేదాకా ఎవరికీ తెలీదు.

పెద్దలు కూర్చున్నారు. పెద్దమ్మ చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించారు. కాలుజారి చెరువులో పడి చనిపోయాడని దాంట్లో రాశారు. కరెంటు మాట లేదు, పనిలో ఉన్న మాట లేదు. పనిలో పోయినవాడికి నష్టపరిహారం ఇవ్వాలనే చట్టం 1923లోనే వచ్చింది. ఆ సంగతి ఆ రోజు మా పల్లెలో ఎవరికీ తెలీదు. డిగ్రీ పాసైన నాకూ తెలీదు. ఇది నా తప్పుగానే రాస్తున్నాను. కాగితం చదవగలిగి కూడా నేను నోరెత్తలేదు.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. అది వాడికి రావలసిన ఉద్యోగమని పెద్దమ్మ ఎప్పుడూ అనలేదు. నాకే అనిపిస్తుంది.

ఈ వ్యాసం రాస్తానని మొన్న పెద్దమ్మ దగ్గరికెళ్ళి అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అంది: "రాయి నాయనా. పేరు మాత్రం రాయమాక. చిన్నోడు ఇంకా ఆ రైతు దగ్గరే చేత్తన్నాడు. అచ్చులో చూత్తే ఆడి పని పోద్ది."

మాస్టారు నవ్విన ప్రశ్నకు జవాబు నాకప్పుడు దొరికింది. మన పేర్లు చరిత్రలో లేకపోవడం మరుపు వల్ల కాదు. పేరు చెబితే బువ్వ పోతుంది గనక. కంచికచర్ల కోటేశును 1968లో తగలబెట్టారు. కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో జరిగింది. ఆ పేర్లు మిగిలాయంటే సర్కారు రాసిపెట్టినందువల్ల కాదు. జనం వీధుల్లోకొచ్చి ఆ పేర్లు పట్టుకుని నిలబడ్డారు గనక మిగిలాయి. నరికితే, కాలిస్తే ఉద్యమం లేచింది. నీళ్ళలో పోయినవాడికి, కరెంటు కొట్టి పోయినవాడికి ఎవరు లేస్తారు?

ఇప్పుడు నా స్కూల్లో నవంబరు 19న పాఠం చెప్పను. ఇంటికెళ్ళి ఉప్పెనలో పోయినవాళ్ళ పేరు ఒక్కటి అడిగి రాసుకురమ్మంటాను. పల్లె పిల్లలూ తెస్తారు, ఊళ్ళో పిల్లలూ తెస్తారు. అన్నీ వాడి నోటుబుక్కులోనే ఎక్కిస్తున్నాను. కోతలకొచ్చిన ఆ నలుగురి గీతలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ వాడల్లోనూ ఇట్లాంటి ఖాళీ గీతలుంటాయి. ముసలివాళ్ళు పోకముందే వెళ్ళి కూర్చోండి. ఏ కాగితం మీద వేలిముద్ర వేయమన్నా ముందు చదవండి, పైకి చదవండి.

నోటుబుక్కు చివరిపేజీలో ఒక గీత మీద "2009" అని రాసి పక్కన ఖాళీ ఉంచాను. చిన్నోడికి ఇంకోచోట పని దొరికిన రోజున పెద్దమ్మే వచ్చి ఆ పేరు చెబుతానంది.